పక్కింటావిడతో చూసిన డిబేట్

నాకు టీవీతో పోట్లాడే అలవాటుంది. క్రికెట్ కామెంటరీతో పోట్లాడతాను, వంటల ప్రోగ్రాములో ఉల్లిపాయలు మాడ్చేవాళ్లతో పోట్లాడతాను, రేపు ఎండ కాస్తుందని చెప్పే వాతావరణం అమ్మాయితో అయితే ఐర్లండ్ వచ్చినప్పటి నుంచీ వైరమే. కాని కరోనా వచ్చిన ఏడాది, అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన ఇద్దరి మొదటి డిబేట్‌తో పోట్లాడినట్టుగా దేనితోనూ పోట్లాడలేదు.

అది మా టైము ప్రకారం అర్ధరాత్రి దాటాక వచ్చింది. నేను మర్నాడు పొద్దున్నే, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, ఆఫీసు మొదలయ్యే లోపల రికార్డింగు చూశాను. ఆఫీసంటే వంటింటి బల్ల. అంతకుముందు ములింగార్ నుంచి పొద్దున్నే రైలెక్కి, డబ్లిన్‌లో లువాస్ ట్రాము మారి లెపర్డ్స్‌టౌన్ వెళ్లేదాన్ని. మార్చిలో ఆఫీసు మూసేశాక, మెట్లు దిగి వంటింట్లోకి వస్తే ఉద్యోగానికి వచ్చినట్టే.

ఒకాయన నోరు తెరిస్తే రెండో ఆయన అడ్డం. రెండో ఆయన మొదలుపెడితే మొదటాయన అడ్డం. మధ్యలో ప్రశ్నలడగడానికి కూర్చున్న పెద్దమనిషి ఇద్దరినీ బతిమాలుకుంటున్నాడు. మా ఊళ్లో వీధి కుళాయి దగ్గర బిందెల తగాదా దీనికన్నా పద్ధతిగా ఉండేది, అక్కడ కనీసం వంతులుంటాయి. అడిగిన ప్రశ్న ఒకటి, చెప్పే జవాబు ఇంకొకటి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకుంటూ ఇడ్లీల సంగతి మరిచిపోయాను. మధ్యలో ఒకాయన రెండో ఆయన మాస్కు మీద వేళాకోళం ఆడాడు. అంతే, నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండిందంటే, మా ఆయన ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. మార్చి నుంచీ కోవిడ్ వార్డులోనే ఉన్నాడు. ఇంటికొచ్చి, వెనకాల షెడ్‌లో బట్టలు మార్చుకుని, ఎవరినీ తాకకుండా నేరుగా స్నానానికి వెళ్లేవాడు. స్నానం చేసి వచ్చాక కూడా ముక్కు మీద మాస్కు గీత ఎర్రగా ఉండేది. ఆ గీతను రోజూ చూస్తున్నదానికి ఆ వేళాకోళం ఎలా ఉంటుంది? టీవీ మీద గట్టిగానే అరిచాను. పైనుంచి మా అమ్మాయి, దానికప్పుడు పదేళ్లు, ఐరిష్ యాసలో, "మమ్మీ, దే కాంట్ హియర్ యూ" అని అరిచింది.

టీవీకి వినిపించదు కాబట్టి వాట్సాప్‌లో వినిపించాను. ములింగార్‌లోని తెలుగు ఆడవాళ్లం పదకొండు మందికి ఒక గ్రూపు ఉంది. అందులో ఇంత పొడుగున రాశాను. ఒక దేశాన్ని నడిపేవాడికి కనీస బాధ్యత ఉండద్దా, వాళ్ల వినోదానికి ఎవరి మొగుళ్లు చావాలి, ఇలాంటి వాళ్ల వల్లే రోగం తగ్గడం లేదు, అంటూ సాగింది ఆ ఉపన్యాసం. పదకొండు మందిలో ఒక్కరికి కూడా అమెరికాలో ఓటు లేదు. ఇండియాలో ఉన్నా వెళ్లి వేసే దారి లేదు. ఐర్లండ్‌లో కౌన్సిల్ ఎన్నికలకు మాత్రం ఉంది, దానికి ఎవరమూ పేరు నమోదు చేసుకోలేదు. అయినా ఆ రోజు గ్రూపులో సాయంత్రం దాకా యుద్ధం జరిగింది. ఒకావిడ అలిగి గ్రూపు వదిలేసి, భోజనాల వేళకి మళ్లీ చేరింది.

కొన్ని రోజులకి, వేళాకోళం ఆడినాయనకే కరోనా వచ్చిందని వార్త వచ్చింది. ఆ వేళ నేను పాయసం వండలేదు గాని, వండినంత పని చేశాను. శాస్తి జరిగిందని గ్రూపులో రాశాను. మా ఆయన అది చూసి, "రోగం వచ్చినవాణ్ణి అలా అనకూడదు, వార్డులో మేము అలా అనుకుంటే పని చేయలేం" అన్నాడు. ఈయనకి మరీ మంచితనం ఎక్కువైందని ఆ మాటను తోసేశాను.

పక్కింటావిడ గురించి చెప్పాలి. ఎనభై దాటిన మనిషి, చిన్నపిల్లల బళ్లో టీచరుగా చేసి రిటైరైంది. ఒక్కతే ఉండేది. ఊపిరితిత్తులు బలహీనం, మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కేది. డెబ్బై దాటినవాళ్లు గడప దాటద్దని ప్రభుత్వం చెప్పినప్పుడు, దానికి పట్టుపురుగు గూట్లో ఉన్నట్టు అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆవిడకి ఆ పేరంటే పరమ చిరాకు. నేనేమన్నా పురుగునా అనేది. కూతురు కిల్కెన్నీలో ఉంటుంది, జిల్లాలు దాటి రాకూడదు. అందుకని మార్చి నుంచీ ఆవిడ సరుకులు నేనే తెచ్చేదాన్ని. పాలు, బ్రౌన్ బ్రెడ్, పేపరు, అల్లం బిస్కెట్లు. కిటికీ అరుగు మీద పెట్టి, బెల్లు కొట్టి, వెనక్కి వచ్చేసేదాన్ని. తర్వాత పెరటి గోడకి అటు ఆవిడ, ఇటు నేను, ఎవరి టీ వాళ్లు పట్టుకుని మాట్లాడుకునేవాళ్లం.

మొదటి డిబేట్ ఆవిడ రేడియోలో విన్నదట. "నా క్లాసులో అయితే ఇద్దరినీ చెరో మూల గోడకేసి నిలబెట్టేదాన్ని" అంది. నాతో సమానంగా ఉడికిపోయే మనిషి దొరికినందుకు నాకు సంతోషం వేసింది. మా ఆయన ఉడకడు, అమ్మాయికి విసుగు, గ్రూపులో అలకలు. గోడ పక్కన మాత్రం మనసుకి తీరేలా తిట్టుకోవచ్చు.

ఆ ఏడాది అధికమాసం వచ్చి దసరా వెనక్కి జరిగింది. నవరాత్రులు మొదలయ్యేటప్పటికి మళ్లీ ఆంక్షలు బిగించారు. ఒకరి ఇళ్లకి ఒకరు వెళ్లకూడదు. అలాంటప్పుడు ఒక సాయంత్రం మా గ్రూపులోని వరంగల్ అమ్మాయి కుంకుమభరిణె పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. మా వెనక వీధిలోనే ఉంటుంది. మొహానికి మాస్కు, చేతిలో శానిటైజర్ సీసా.

"ఆదివారం కుంకుమ పూజ పెట్టుకున్న అక్కా. నువ్వు తప్పకుండ రావాలె" అంది.

"ఇప్పుడు ఇళ్లకి వెళ్లకూడదంటున్నారు కదమ్మా" అన్నాను.

"ఆరుగురమే అక్కా. అందరం ఇండ్లల్ల కూసున్నోళ్లమే, ఎవరికేముంటది. దూరం దూరం కూసుందాం. గంటల అయిపోతది." తర్వాత, "అమ్మ ఉంటె ఇట్ల ఒక్కొక్కల్లని అడుగుదునా అక్కా" అంది. ఆ ఎండాకాలంలో వాళ్లమ్మ రావాల్సింది. విమానాలు లేక ఆగిపోయింది.

ఆ పిల్ల చేతులకి శానిటైజర్ రాసుకుని, ఆరేదాకా ఊపి, భరిణె తీసి నా వైపు చెయ్యి చాపింది. నా నుదురు దానంతటదే ముందుకు వంగింది. బొట్టు పెట్టించుకున్నాక రానని అనడం మా ఇంటా వంటా లేదు. ఎంత పగ ఉన్నా, బొట్టు పెట్టి పిలిస్తే వెళ్లి తాంబూలం తీసుకుని రావాలని మా అమ్మ నేర్పింది. మొహమాటానికి పోతే కడుపైందని ఆ అమ్మే సామెత కూడా చెప్పేది. అప్పుడది గుర్తు రాలేదు.

ఆదివారం మా ఆయనకి డ్యూటీ. ఆయనకి చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. ఏడు నెలలుగా ఎవరి ఇంటికీ వెళ్లని మనిషి, తన తోటి డాక్టర్ల ఇళ్లకి కూడా. కోటు లోపల మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. వర్షం, చలి. కిటికీలు తీస్తే దీపాలు కొండెక్కుతాయని తీయలేదు. హీటర్ వెచ్చగా ఉంది. ఆరుగురం నాలుగు మూలలా కూర్చున్నాం. మొదటి పది నామాలు మాస్కులతోనే చదివాం. తర్వాత ఊపిరి అందక ఒక్కొక్కళ్లం గడ్డం కిందికి లాగేశాం. గొంతెత్తి, వరసగా, ముప్పావుగంట చదివాం. ఏడు నెలల తర్వాత నలుగురి గొంతులో నా గొంతు కలిసింది. నిజం చెప్పద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషాన్ని ఇప్పుడు కూడా తప్పని అనలేను.

మామూలుగా మా పేరంటాలకి పూజకన్నా ఫోటోలు ఎక్కువ. ఆ రోజు ఒక్క ఫోటో కూడా తీయలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అయినా ఎవరి ఫోనూ బయటికి రాలేదు. అంటే అందరికీ తెలుసన్నమాట. ఇంటికి వస్తూ అమ్మాయితో, "డాడీకి చెప్పకు, ఊరికే కంగారుపడతాడు" అన్నాను. అది నా మొహంలోకి చూసి, "ఓకే" అంది.

ఆ గురువారం రాత్రి రెండో డిబేట్. శుక్రవారం పొద్దున్న పక్కింటావిడ ఫోన్ చేసింది. కూతురు కొనిచ్చిన కొత్త బాక్సులో రికార్డింగు ఎలా పెట్టాలో తెలియడం లేదు, వచ్చి నొక్కి పెట్టమంది. తర్వాత, "వచ్చాక కూర్చో కూడా. ఒక్కదాన్నే దాని మీద అరిచి అరిచి నాకు విసుగొచ్చింది" అంది.

ఏడు నెలల్లో ఆవిడ నన్ను లోపలికి రమ్మనడం అదే మొదటిసారి. శుక్రవారం నాకు సెలవు. మాస్కు పెట్టుకుని వెళ్లాను. గుమ్మం దగ్గర, తలుపు తెరుచుకునే లోపల, ఆదివారం సంగతి ఒక్కసారి మనసులో మెదిలింది. ఐదు రోజులైంది, ఏమీ లేదు కదా అనుకున్నాను. ఐదు రోజులు చాలవని డాక్టరు పెళ్లానికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తెలుసు. తెలిసే కాళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాను.

ఆవిడ కిటికీ పక్క కుర్చీలో, నేను సోఫా అటు చివర. ఆవిడ ఒడిలో పెన్సిలూ కాగితమూ ఉన్నాయి. అడిగిన ప్రశ్నకి జవాబు వస్తే టిక్కు, రాకపోతే ఇంటూ. ఈసారి ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరి మైకు కాసేపు ఆపేసేట్టు ఏర్పాటు చేశారు. అందువల్ల అడ్డం పడటం తగ్గింది, దాటవేయడం మాత్రం బాగా కనిపించింది. వైరస్‌కి ఏం చేస్తారని అడిగితే ఒకాయన అంతా సర్దుకుంటోందన్నాడు. ఆరోగ్యం గురించి, పిల్లల గురించి, వాతావరణం గురించి అడిగితే ఎవరికి కావలసిన దారిలో వాళ్లు వెళ్లిపోయారు. ఆవిడ పెన్సిలు కాగితం చిరిగేలా ఇంటూలు కొట్టింది. "అవును అనచ్చు, కాదు అనచ్చు, తెలియదు అని కూడా అనచ్చు. మూడూ జవాబులే. ఆరేళ్ల పిల్లలకి చేతనవుతుంది" అంది.

నేను కూడా తక్కువ తినలేదు. తెలుగులో తిట్టాను, ఇంగ్లీషులో తిట్టాను, తెలుగు తిట్టుకి అర్థం అడిగితే మర్యాదగా మార్చి చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. మధ్యలో ఆవిడ టీ చేసి తెచ్చింది. టీ తాగడానికి మాస్కు దించాను. తాగడం అయిపోయింది, తిట్టడం అవలేదు, మాస్కు మళ్లీ ఎక్కలేదు. గంటన్నర ఆ గదిలో ఉన్నాను. వచ్చేటప్పుడు ఆవిడ, "చాలా రోజులకి మనిషిలా ఉంది" అంది.

మర్నాడు పొద్దున్న చట్నీకి తాలింపు వేశాను. కరివేపాకు చిటపటమంది, వాసన రాలేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మట్టి పొడి పెట్టుకున్నట్టుంది. ఆ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఫ్యామిలీ డాక్టరుకి ఫోన్ చేశాను, టెస్టు చేశారు, సోమవారం పాజిటివ్ అన్నారు. పూజ పెట్టుకున్న అమ్మాయికి ఫోన్ చేస్తే జ్వరంతో మూలుగుతోంది. "బయట చెప్పకు అక్కా, అందరు నన్నే అంటరు" అంది. గ్రూపులో ఆ వారం ఒక్క మెసేజీ లేదు. దొంగకు తేలు కుట్టినట్టు అందరం కిక్కురుమనకుండా ఊరుకున్నాం.

పక్కింటావిడకి నేనే ఫోన్ చేసి నాకు వచ్చిందని చెప్పాను. ఎలా వచ్చిందో చెప్పలేదు. అప్పటికే ఆవిడ గొంతు గరగరలాడుతోంది. బుధవారం మధ్యాహ్నం అంబులెన్స్ వచ్చింది. మేము ఇల్లు కదలకూడదు. పై గది కిటికీలోంచి చూశాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, మూతికి ఆక్సిజన్ పెట్టుకుని, తన చేతిసంచీ తనే ఒడిలో పట్టుకుని వెళ్లింది.

మా ఆయనకి కూడా పాజిటివ్ వచ్చింది. అమ్మాయికి రాలేదు. డాక్టరు ఉన్న ఇంట్లో రోగం వస్తే, అది ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగరు. అందరూ ఆసుపత్రి నుంచే అనుకున్నారు, అందరికన్నా ముందు ఆయనే అనుకున్నాడు. మంచం మీద కూర్చుని డైరీ ముందు పెట్టుకుని, ఏ రోజు ఏ మంచం దగ్గరికి వెళ్లాడో, గ్లోవ్స్ ఎప్పుడు విప్పాడో, ఏ పేషంటు దగ్గినప్పుడు మాస్కు వదులైందో తలుచుకునేవాడు. "ఆ ముసలాయన ట్యూబ్ మార్చేటప్పుడు అయ్యుంటది. అప్పుడే అనిపించింది నాకు" అనేవాడు. ఇంకోసారి, "షెడ్‌లో బట్టలు మార్చుకోవడం చాలదేమో, హోటల్ రూమ్ ఇస్తామన్నప్పుడే వెళ్లాల్సింది నేను" అన్నాడు. నేను కషాయం గ్లాసు ఆయన చేతికిచ్చి, ఊరుకోమన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా చెప్పలేదు.

గురువారం పక్కింటావిడ కూతురు కిల్కెన్నీ నుంచి ఫోన్ చేసింది. మొహం ఎన్నడూ చూడని మనిషి, ప్రతి నెలా మెసేజీలో థాంక్స్ చెప్పేది. ఏడ్చి ఉందని గొంతే చెబుతోంది. తల్లికి ఆక్సిజన్ పెంచారట. తను రావడానికి లేదు, వచ్చినా లోపలికి పంపరు. నెమ్మదిగా, తప్పు పట్టకుండా అడిగింది, మీరు ఈమధ్య ఎక్కడికైనా వెళ్లారా, ఎవరినైనా కలిశారా అని.

ఎంత సూటి ప్రశ్న. అవునంటే సరిపోయేది. నేను ఏం చెప్పానంటే, మా ఆయన మార్చి నుంచీ కోవిడ్ వార్డులో ఉన్నాడని చెప్పాను. ఆ వార్డుల్లో ఎంత కష్టమో చెప్పాను. మేమెంత జాగ్రత్తగా ఉంటామో చెప్పాను. ఏడు నెలలుగా మీ అమ్మగారి సరుకులు తుడిచి మరీ కిటికీలో పెడుతున్నానని చెప్పాను. ఒక్క అబద్ధమైనా ఆడలేదు. ఆవిడే అంది చివరికి, "పాపం, మీ ఆయన తప్పేముంది, ఆయన ఉద్యోగం అలాంటిది" అని. నేను అవునండీ అన్నాను. ఆ అవును మాత్రం వెంటనే వచ్చింది.

ఫోన్ పెట్టేసి చూస్తే మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది.

"యూ డిడంట్ ఆన్సర్ హర్, మమ్మీ" అంది.

దాని మీద కసిరాను. పెద్దవాళ్ల మాటలు వినద్దన్నాను. అది పైకి వెళ్లిపోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, వంటింటి బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. టీవీలో ఆ ఇద్దరినీ ఎన్ని మాటలన్నాను. వాళ్లకి గెలవాల్సిన దేశం ఉంది. నాకేముంది? ఆరుగురు ఆడవాళ్ల మధ్య పరువు, మొగుడి ముందు మంచి పేరు. అంత చిన్నదానికే నిజం నోట రాలేదు.

మర్నాడు ఉదయం మా ఆయన గదిలోంచి మాటలు వినబడ్డాయి. ఆ కూతురికి ఆయనే ఫోన్ చేశాడు. తలుపు దగ్గర ఆగాను. దగ్గుకి మధ్య మధ్యలో ఆగుతూ, క్షమించమంటున్నాడు. తన వల్లే మీ అమ్మగారికి వచ్చిందనీ, తను ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిందనీ, వార్డులోవాళ్లతో రోజూ మాట్లాడి మీకు చెబుతాననీ అంటున్నాడు. ఆయన ఎవరినైనా అలా వేడుకోవడం పెళ్లయిన పన్నెండేళ్లలో నేను వినలేదు. ఫోన్ పెట్టేసేదాకా ఆగి, లోపలికి వెళ్లి, నిలబడే చెప్పేశాను. బొట్టు, పూజ, కిటికీలు, మాస్కులు, అమ్మాయిని చెప్పద్దనడం, శుక్రవారం గుమ్మం దగ్గర గుర్తొచ్చి కూడా లోపలికి వెళ్లడం, అన్నీ.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. డైరీ మూసి పక్కన పెట్టాడు.

"వారం నుంచి నేను నిద్రపోవట్లేదు, నీకు తెలుసు" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

"తెలిసి కూడా." ఇంక ఆ మాట పూర్తి చేయలేదు. డైరీని ఇంకాస్త పక్కకి జరిపి, "పూజకి వెళ్లడం నాకు అర్థమవుద్ది. ఎవరికైనా మనుషులు కావాలనిపిస్తది. మిగతాదే నాకు అర్థం కావట్లేదు" అన్నాడు. ఆ తర్వాత, "ఆవిడ కూతురికి నేను మళ్లీ ఫోన్ చేసి నాది కాదని చెప్పను. పెద్దావిడకి నువ్వు చెప్పాలి. ఆవిడ వస్తే" అన్నాడు.

ఆ వస్తే అన్న మాటతో పన్నెండు రోజులు గడిపాను. అమెరికాలో ఓట్లు పడ్డాయి, లెక్కించారు, టీవీ నిండా అదే. నేను టీవీ పెట్టలేదు. ఎవరు గెలిచారో గ్రూపులో చూసి తెలుసుకున్నాను. అప్పటికి గ్రూపు కోలుకుంది, మళ్లీ వాదనలు మొదలయ్యాయి. వరంగల్ అమ్మాయి నవ్వుతున్న బొమ్మ పెట్టింది. నేను ఫోను బోర్లా పెట్టి, పక్కింటి ఖాళీ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కొక్క రోజు ఆవిడ చచ్చిపోతే ఇంక చెప్పక్కర్లేదు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది, కాని వచ్చింది.

ఆవిడ బతికి వచ్చింది. బాగా చిక్కిపోయింది, కార్డిగన్ వేలాడుతోంది. వచ్చిన నాలుగో రోజు, కాస్త ఎండ కాస్తే, పెరట్లోకి వచ్చి గోడకి అటు కుర్చీ వేయించుకుని కూర్చుంది. నర్సు ఎవరో వచ్చి వెళ్లింది. నేను మాస్కు పెట్టుకుని, గోడకి దూరంగా నిలబడ్డాను. ఎలా ఉందంటే, "గ్రాండ్" అంది, ఇక్కడి మాటలో బాగున్నానని. ఈ ఊళ్లో శవం కూడా అడిగితే గ్రాండ్ అనే అంటుంది.

"మీ ఆయన్ని ఇంక క్షమాపణలు ఆపమను. పూలు పంపాడు, కార్డు పంపాడు. ఉద్యోగం చేసుకునేవాడికి క్షమాపణ ఏమిటి" అంది.

"ఆయన వల్ల రాలేదు" అన్నాను. ఇంక ఆగకుండా చెప్పాను. ఆదివారం పూజకి వెళ్లానని, వెళ్లకూడదని తెలిసి వెళ్లానని, కిటికీలు మూసుకుని ఆరుగురం గొంతెత్తి చదివామని, మీ ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ సంగతి నాకు గుర్తుందని, మీ అమ్మాయి అడిగితే దాటేశానని. చెబుతూ ఏడ్చాను. కావాలని ఏడవలేదు గాని, ఏడిస్తే ఆవిడ ఓదారుస్తుందన్న ఆశ ఎక్కడో ఉంది.

ఆవిడ ఓదార్చలేదు.

"నువ్వు వెళ్లడం నాకు తెలుసు. కోటు కింద పసుపుపచ్చ పట్టు అంచు కనబడింది. కిటికీలో కూర్చునే మనిషికి ఇంకేం పని? బాగుంది, ఎవరి ఇంట్లోనో పండుగ అనుకున్నాను" అంది.

"తెలిసి కూడా నన్ను లోపలికి పిలిచారా?"

"శుక్రవారం నువ్వు వచ్చేసరికి, ఏమన్నా ఉంటే నువ్వే చెబుతావనుకున్నాను. చెప్పలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను. కిటికీలు తెరవకుండా అంతమంది చదివారని నాకేం తెలుసు?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "చెప్పి ఉంటే నేను రమ్మనేదాన్నేమో కూడా. ఏడు నెలలు ఒక్కదాన్నే ఉన్నాను, నా వయసుకి ఇంకెన్ని శుక్రవారాలు ఉన్నాయి? చచ్చినా పరవాలేదు, రా, కూర్చుందాం అనేదాన్నేమో. కాని అది నేను అనాల్సింది. నా తలుపు తీయాలో వద్దో నేను తేల్చుకోవాల్సింది. నువ్వు గుమ్మంలో నిలబడి నా బదులు తేల్చేశావు."

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని నెమ్మదిగా లేచింది. చెప్పినందుకు థాంక్స్ అంది, అది మామూలుగానే అంది. మా అమ్మాయి చదువు ఎలా ఉందని అడిగింది. తర్వాత లోపలికి వెళ్లింది.

ఆ శనివారం నేను సరుకుల చీటీ కోసం ఎప్పటిలాగే ఫోన్ చేశాను. అక్కర్లేదు, కూతురు షాపువాళ్లతో మాట్లాడింది, వాళ్లే తెచ్చిస్తారట అంది. పదకొండింటికి వ్యాను వచ్చి ఆవిడ గేటు ముందు ఆగింది. ఆవిడ తలుపు కాస్త తీసి, వచ్చినాయన్ని మెట్టు మీదే ఆపి, ఎక్కడెక్కడ తిరిగి వచ్చావని కాబోలు, ఏదో అడిగింది. ఆయన చేతులు ఊపుతూ జవాబు చెప్పాడు. మొత్తం విన్నాక, ఆవిడ తలుపు పూర్తిగా తీసింది.